ఎడారి దారిన మనవాళ్ల ఇళ్లకు: ఇర్వైన్ నుంచి 12 రోజుల కారు ప్రయాణానికి సమగ్ర మార్గదర్శి

నైరుతి అమెరికా పటం ముందు పెట్టుకుని మనవాళ్లున్న ఊళ్ల మీద చుక్కలు పెడితే ముగ్గు దానంతటదే పడుతుంది. మా ఇంటి ముగ్గు ఇదీ. మేముండేది కాలిఫోర్నియాలో ఇర్వైన్. అక్కా బావా ఆరిజోనాలోని చాండ్లర్‌లో ఉంటారు. పెదనాన్నగారి మనవడు టూసాన్‌లో ఎమ్మెస్ చదువుతున్నాడు. బావమరిది వరసయ్యే డాక్టరుగారిది న్యూమెక్సికోలో లాస్ క్రూసెస్. ఇంటర్ నుంచి కలిసి చదివిన స్నేహితుడు ఆల్బకర్కీ పక్కన రియో రాంచోలో ఉన్నాడు. ఇంటెల్‌కి చాండ్లర్‌లోనూ రియో రాంచోలోనూ ఫ్యాక్టరీలుండటంతో మనవాళ్లు ఆ రెండూళ్ల మధ్య మారుతూనే ఉంటారు. పిన్నీ బాబాయీ లాస్ వేగాస్. అన్నీ కలిపి చుట్టి వస్తే సుమారు 2,100 మైళ్లు, ఇళ్లకీ ఇళ్లకీ మధ్య ఉన్నదంతా ఎడారే.

ఈ చుట్టు నేను మూడుసార్లు తిరిగాను. మొదటిసారి జూలైలో, చేయకూడని పనులన్నీ చేస్తూ. తర్వాత రెండుసార్లు అక్టోబరు చివర్లో. మూడుసార్లూ ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలతోనే. మూడు ప్రయాణాల్లో నాకు బాగా తెలిసొచ్చిన సంగతి ఒకటుంది. ఎడారిలో మనల్ని తొందరపెట్టేది ఎండ కాదు, "వంటయిపోయింది, ఎక్కడిదాకా వచ్చారు?" అనే ఫోను. ఆ ఫోను ప్రేమతోనే వస్తుంది. ఆ ప్రేమకు కట్టుబడే మనం చీకట్లో, నిద్రమత్తులో, దుమ్ములో బండి తోలేస్తాం. అందుకే ఈ మార్గదర్శిలో ఇంజనాయిలు గురించి ఎంత రాశానో, ఇంటివాళ్లతో ఏం మాట్లాడాలన్నదీ అంతే రాశాను.

మొదటి అడుగు: నెల చూసుకోండి

జూన్ నుంచి సెప్టెంబరు దాకా వద్దు. ఫీనిక్స్‌లో 2023 జూన్ 30 నుంచి వరసగా 31 రోజులు 110 ఫారెన్‌హీట్, అంటే 43 సెల్సియస్‌కి తగ్గకుండా ఎండ కాసింది. మనం రెంటచింతల, రామగుండం ఎండలు చూసినవాళ్లమే కానీ ఆ ఎండలో బస్సు ఆగిపోతే పక్కన చెట్టుంటుంది, చెట్టు కింద మజ్జిగ అమ్మే మనిషుంటాడు. ఇక్కడ 30 మైళ్ల దాకా నీడే ఉండదు. పైగా పొడిగాలి కాబట్టి పట్టిన చెమట పట్టినట్టే ఆరిపోతుంది. ఒంట్లో నీరు తగ్గుతున్నట్టు తల తిరిగేదాకా తెలియదు. జూన్ 15 నుంచి సెప్టెంబరు 30 వరకు ఆరిజోనాలో మాన్సూన్ కాలం కూడా. దుమ్ము తుఫానులు, ఆకస్మిక వరదలు అప్పుడే ఎక్కువ.

మార్చి, ఏప్రిల్ నెలల్లో ఎండ ఫర్వాలేదు కానీ న్యూమెక్సికోలో ఈదురుగాలులుంటాయి. డిసెంబరు, జనవరి నెలల్లో ఫ్లాగ్‌స్టాఫ్ దగ్గర మంచు పడుతుంది. ఆ ఊరు దాదాపు 7,000 అడుగుల ఎత్తున ఉంది. నా మాట వింటే అక్టోబరు మూడో వారం నుంచి నవంబరు రెండో వారం మధ్య వెళ్లండి. అక్టోబరు మొదట్లో ఆల్బకర్కీలో పెద్ద బెలూన్ల ఉత్సవం జరుగుతుంది. చూడాలని ఉంటే సరే, లేదంటే అది అయ్యాకే వెళ్లండి. ఉత్సవమప్పుడు హోటలు గదులు దొరకవు. దీపావళి ఈ రోజుల్లో పడితే అక్కయ్యగారింట్లో పండగ చేసుకుని ముందుకు సాగొచ్చు.

రెండో అడుగు: శని ఆదివారాలు ఎవరికివ్వాలో తేల్చండి

తేదీలు వేసుకునేటప్పుడు అందరూ చూడాల్సిన చోట్ల పేర్లు ముందు రాస్తారు. మీరు ఇళ్ల పేర్లు ముందు రాయండి. బడికెళ్లే పిల్లలుండి, ఆలుమగలిద్దరూ ఉద్యోగాలు చేసే ఇంటికి శని ఆదివారాలివ్వండి. చదువుకునే కుర్రాళ్ల గదికి ఏ రోజు వెళ్లినా ఒకటే. రిటైరైన పెద్దవాళ్లకు వారం మధ్యలో వెళ్తేనే సంతోషం, ఆ రోజుల్లో వాళ్లింటికి వచ్చేవాళ్లుండరు.

మాకు కుదిరిన వరస ఇదీ. శని, ఆది రాత్రులు చాండ్లర్. సోమవారం టూసాన్. మంగళ, బుధ లాస్ క్రూసెస్. గురు, శుక్ర రియో రాంచో. మళ్లీ శని, ఆది ఫ్లాగ్‌స్టాఫ్ హోటల్లో. సోమ, మంగళ లాస్ వేగాస్. బుధవారం ఇల్లు. మధ్యలో ఎవరి ఇంటా కాకుండా హోటల్లో పడుకునే ఆ రెండు రాత్రులు ఖర్చని తీసేయకండి. వారం రోజులు వరసగా ఒకరింట్లో అతిథులుగా ఉన్నాక అమ్మానాన్నలకు కూడా కాళ్లు చాపుకుని మాట్లాడకుండా కూర్చునే పూట కావాలి. ఆ దారిలోని చిన్న మోటళ్లు చాలావరకు గుజరాతీ పటేళ్లు నడుపుతున్నవే. పెద్దవాళ్లున్నారు, వేడినీళ్లు కావాలంటే వెంటనే అర్థం చేసుకుంటారు.

ఒక రోజులో 360 మైళ్లకు మించి పెట్టుకోవద్దు. పెద్దవాళ్లుంటే రెండు గంటలకోసారి ఆగి పది నిమిషాలు నడిపించాలి. కాళ్లు వాచిపోకుండా ఉండాలంటే అదొక్కటే మందు. ఆ ఆగటాలన్నీ లెక్కేస్తే మ్యాపులో ఐదు గంటలని చూపే దారి ఏడు గంటలవుతుంది.

మూడో అడుగు: ప్రతి ఇంటికీ ఫోన్ చేసి ఈ మూడు మాటలు చెప్పండి

వాట్సాప్ గ్రూపులో పెడితే చాలదు, నోటితో చెప్పాలి.

"సాయంత్రం నాలుగింటికల్లా చేరేలా బయల్దేరతాం, చేరకపోతే రాత్రికి దారిలోనే ఆగిపోతాం" అనేది మొదటి మాట. "మా కోసం భోజనానికి ఆగొద్దు, మేం వచ్చాక టీ చాలు" అనేది రెండోది. అక్క ఈ మాటకు చిన్నబుచ్చుకుంటుంది. అయినా చెప్పాల్సిందే. విందు మర్నాడు మధ్యాహ్నానికి పెట్టమనండి, అందరూ తీరిగ్గా తింటారు. మూడోది, "దారిలో ఫోన్ చేయొద్దు, లొకేషన్ పంపిస్తాను." వాట్సాప్‌లో లైవ్ లొకేషన్ ఎనిమిది గంటల దాకా పెట్టుకోవచ్చు. సిగ్నల్ పోయిన చోట చుక్క కదలదనీ, అరగంట కదలకపోతే కంగారుపడొద్దనీ కూడా ముందే చెప్పండి.

గడియారం సంగతి ఇక్కడే తేల్చేయాలి, లేకపోతే ప్రతి ఇంటికీ గంట తేడా వస్తుంది. ఆరిజోనాలో వేసవి గడియారం మార్చరు. అందుకని మార్చి నుంచి నవంబరు మొదటి ఆదివారం దాకా ఆరిజోనా, కాలిఫోర్నియా, నెవాడా ఒకే టైము, న్యూమెక్సికో ఒక గంట ముందు. ఆ ఆదివారం నుంచి ఆరిజోనా, న్యూమెక్సికో ఒకటవుతాయి, కాలిఫోర్నియా గంట వెనకబడుతుంది. ఆరిజోనాలోనే ఉన్న నవాహో అనే ఆదివాసీల ప్రాంతంలో మాత్రం గడియారం మారుస్తారు. గాలప్ నుంచి హోల్‌బ్రూక్ వచ్చే దారిలో ఫోను టైము ముందుకీ వెనక్కీ దూకుతుంటే ఫోను చెడిపోయిందనుకోకండి.

నాలుగో అడుగు: కాగితాలు

లాస్ క్రూసెస్ చుట్టుపక్కల మెక్సికో సరిహద్దు దగ్గర. హైవే మీదే సరిహద్దు గస్తీ దళం (బోర్డర్ పెట్రోల్) చెక్‌పోస్టులుంటాయి. మన దారిలో రెండు తగులుతాయి. తెల్ల ఇసుక దిబ్బల పార్కు వైట్ శాండ్స్ చూసి లాస్ క్రూసెస్‌కి తిరిగొచ్చే యూఎస్-70 మీద ఒకటి, లాస్ క్రూసెస్ నుంచి ఉత్తరానికి పోయే ఐ-25 మీద ఇంకొకటి. దేశం దాటకపోయినా ఆపి అడుగుతారు.

18 ఏళ్లు దాటిన విదేశీయులు తమ రిజిస్ట్రేషన్ పత్రం ఎప్పుడూ వెంట ఉంచుకోవాలని అమెరికా చట్టం. గ్రీన్‌కార్డున్నవాళ్లకు ఆ కార్డే పత్రం. హెచ్1బీ వాళ్లు అసలు పాస్‌పోర్టు, ఐ-94 (దేశంలోకి వచ్చినట్టు రికార్డు) ప్రింటు, ఐ-797 (హెచ్1బీ ఆమోద నోటీసు) పట్టుకెళ్లండి. విజిటర్ వీసా మీద వచ్చిన అమ్మానాన్నలవి కూడా పాస్‌పోర్టు, ఐ-94 ప్రింటు ఉండాలి. ఫోన్లో ఫొటో ఉంటే సరిపోదు. అన్నీ ఒక జిప్ కవర్లో పెట్టి ముందు సీటు దగ్గర ఉంచండి. డిక్కీలో సూట్‌కేసు అడుగున పెట్టి చెక్‌పోస్టు దగ్గర దిగి వెతుక్కుంటే పెద్దవాళ్లకు గుండె దడ. "అడిగినదానికి నేను చెప్తాను, మీకు ఇంగ్లీషు రాకపోయినా ఫర్వాలేదు" అని నాన్నగారికి ముందు రోజే చెప్పి ఉంచండి.

లాస్ క్రూసెస్ నుంచి ఎల్ పాసో 45 మైళ్లే, ఆ పక్కనే మెక్సికో. సరదాకి కూడా దాటొద్దు. వీసా మీద ఉన్నవాళ్లకు తిరిగి రావడం వేరే వ్యవహారం.

పెద్దవాళ్లకు విజిటర్ మెడికల్ ఇన్సూరెన్సు కార్డు ప్రింటు కూడా అదే కవర్లో పెట్టండి. గ్రాండ్ కేన్యన్, వైట్ శాండ్స్ లాంటి జాతీయ పార్కులన్నిటికీ పనికొచ్చే వార్షిక పాసు అమెరికాలో ఉండేవాళ్లకు 80 డాలర్లు. 2026 నుంచి విదేశీ సందర్శకులకు వేరే రుసుము పెట్టారు కాబట్టి అమ్మానాన్నలకు ఎంతవుతుందో పార్కు వెబ్‌సైటులో చూసుకుని బయల్దేరండి.

ఐదో అడుగు: కారు

వేడికి ముందు పోయేవి టైర్లు, తర్వాత బ్యాటరీ. టైరు పక్కన డీఓటీ అక్షరాల వరస చివర నాలుగంకెలుంటాయి. మొదటి రెండూ వారం, తర్వాతి రెండూ సంవత్సరం. 2319 అని ఉంటే 2019లో 23వ వారంలో చేసిన టైరని. గాట్లు బాగానే కనిపిస్తున్నా ఆరేళ్లు దాటిన టైరుతో ఎడారిలోకి వెళ్లకండి. గాలి పొద్దున్నే, బండి కదలకముందు చూడాలి. కాస్త తిరిగాక చూస్తే వేడికి ఎక్కువ చూపిస్తుంది. స్టెప్నీలో కూడా గాలి చూడండి, అసలు స్టెప్నీ ఉందో లేదో కూడా చూడండి. ఈ మధ్య చాలా కార్లకు ఇవ్వట్లేదు. మూడేళ్లు దాటిన బ్యాటరీని షాపులో టెస్టు చేయించండి. కూలెంటు, వైపర్లు, ఏసీ సరే.

ట్యాంకు సగానికి వస్తే నింపేయడం ఎడారి నియమం. కాలిఫోర్నియాలో పెట్రోలు ఖరీదు కాబట్టి కొలరాడో నది దాటి ఆరిజోనాలో అడుగుపెట్టాక నింపుకుంటే మిగులుతుంది. ఎలక్ట్రిక్ కారైతే ఎదురుగాలికీ ఎత్తులు ఎక్కడానికీ చార్జి త్వరగా దిగుతుంది. మ్యాపు చెప్పినదానికంటే ఒక చార్జింగు ఎక్కువ వేసుకోండి.

మ్యాపు ముందే ఫోన్లోకి డౌన్‌లోడ్ చేసుకోండి. అది చూపించే అడ్డదారులు మాత్రం నమ్మకండి. 2023 నవంబరులో వేగాస్ నుంచి లాస్ ఏంజిలిస్ వస్తున్న కొందరిని ఫోను మ్యాపు హైవే దింపి ఎడారిలో మట్టిరోడ్డు మీదికి తోలింది, కార్లు ఇరుక్కుపోయాయి. తారు అయిపోయి మట్టి మొదలైతే వెనక్కి తిప్పండి.

వేగం గురించి ఒక మాట. ఊళ్లు దాటాక ఆరిజోనా, న్యూమెక్సికో హైవేల మీద చాలాచోట్ల 75 మైళ్లు పోనిస్తారు. రోడ్డు ఖాళీగా ఉంటే కాలు దానంతటదే నొక్కేస్తుంది. ఆరిజోనాలో అంతకుమించి 20 మైళ్లు దాటితే అది జరిమానాతో పోయేది కాదు, క్రిమినల్ కేసు. వీసా స్టాంపింగుకి వెళ్లాల్సినవాళ్లు ఇది రాసి స్టీరింగు ముందు అంటించుకోండి.

ఆరో అడుగు: నీళ్లు, తిండి, మందులు

మనిషికి రోజుకు ఒక గ్యాలను, అంటే 3.8 లీటర్ల నీళ్లు. తాగినా తాగకపోయినా బండిలో ఉండాలి. సగం సీసాలు ముందు రాత్రి ఫ్రీజరులో గడ్డకట్టించి కూలరులో వేస్తే ఐసు కొనక్కర్లేదు, కరిగాక తాగొచ్చు.

పులిహోర చింతపండుది చేసుకోండి, నిమ్మకాయది మధ్యాహ్నానికే చప్పబడుతుంది. దద్దోజనానికి అన్నంలో పాలెక్కువ పోసి చెంచా పెరుగు తోడు వేసి కూలరులో పెడితే తినే వేళకు కమ్మగా తోడుకుని ఉంటుంది. పెరుగే కలిపి తెస్తే పుల్లబడిపోతుంది. కొబ్బరి పచ్చడి బండెక్కించొద్దు. వేరే ఇళ్లకు పట్టుకెళ్లే స్వీట్లలో సున్నుండలు, మైసూర్‌పాకు వేడికి నెయ్యి కారి ముద్దవుతాయి. అరిసెలు, జంతికలు, చెక్కలు ఎంత ఎండైనా తట్టుకుంటాయి. గోంగూర సీసా మూత బిగించి, దాని మీద ప్లాస్టిక్ కవరు, ఆ పైన ఇంకో కవరు. నూనె వేడికి ఉబ్బి మూత సందుల్లోంచి వస్తుంది, ఆ వాసన కారుకి ఆరు నెలలుంటుంది.

ఇన్సులిన్ వాడేవాళ్లుంటే ఆ పెన్నులు గడ్డకట్టిన సీసాలకు తగలకుండా గుడ్డలో చుట్టి కూలరులో పెట్టండి. గడ్డకట్టినా, వేడెక్కినా ఆ మందు పనిచేయదు. మూసిన కారులో పది నిమిషాల్లోనే 20 ఫారెన్‌హీట్ డిగ్రీలు పెరుగుతుంది. "ఇప్పుడే వస్తాం" అని పిల్లల్నీ పెద్దల్నీ బండిలో వదిలి షాపులోకి వెళ్లొద్దు.

ఏడో అడుగు: దారి, రోజు వెంట రోజు

శనివారం, చాండ్లర్‌కి 360 మైళ్లు. పొద్దున ఆరున్నరకి కదిలితే ఊళ్ల రద్దీ తప్పుతుంది, కానీ తూర్పుకి పోతున్నాం కాబట్టి ఎండ కళ్లలో పడుతుంది. నల్లకళ్లద్దాలు డిక్కీలో కాదు, ముఖానికి ఉండాలి. ఇండియో దాటాక పెద్ద ఎత్తు ఎక్కాలి. ఇంజను వేడెక్కకుండా ఏసీ ఆపమని అక్కడ బోర్డులుంటాయి. కొత్త కారైనా బండి నిండా మనుషులూ సామానూ ఉంటే ఆ మాట వినండి. ఎత్తు మీద చిరియాకో సమ్మిట్‌లో పెట్రోలు, బాత్‌రూములు ఉన్నాయి. రెండో ప్రపంచ యుద్ధంలో జనరల్ పాటన్ సైనికులకు ఎడారి యుద్ధం నేర్పిన చోటది. మ్యూజియం బయట నిలబెట్టిన పాత ట్యాంకుల దగ్గర నాన్నగారు ఎంతసేపైనా ఉండిపోతారు. తర్వాత బ్లైత్, నది, క్వార్ట్‌జ్‌సైట్, సాయంత్రానికి చాండ్లర్.

అక్కడ ఇండియన్ దుకాణాలు బాగుంటాయి. లాస్ క్రూసెస్ వాళ్లకు అవి దూరం. "ఏం తెమ్మంటారు?" అనడిగితే "ఏమీ వద్దు, మీరొస్తే చాలు" అంటారు. "చాండ్లర్‌లో షాపులోనే ఉన్నాను, దోసకాయలా, బెండకాయలా, ఇడ్లీ రవ్వా?" అని షాపు నుంచే వీడియో కాల్ చేయండి. అప్పుడు నిజం చెప్తారు.

సోమవారం చాండ్లర్‌కి దక్షిణాన మారికోపా దగ్గర ఎడారిలో కట్టిన మహా గణపతి దేవాలయంలో దర్శనం చేసుకుని టూసాన్ వెళ్లండి. దూరం తక్కువ. సాయంత్రం సగువారో జాతీయ పార్కులో పొడుగ్గా చేతులెత్తి నిలబడ్డ జెముడు మొక్కలు చూడొచ్చు. వాటికి మొదటి చెయ్యి రావడానికే 50 ఏళ్లు పైన పడుతుంది. విద్యార్థి గదిలో అందరూ పడుకోలేరు, హోటలు తీసుకుని కుర్రాణ్ణే అక్కడికి రమ్మనండి. వాడికి రెండు పూటలు కడుపునిండా ఇంటి అన్నం, ఒక రాత్రి మెత్తటి పరుపు.

మంగళవారం, లాస్ క్రూసెస్‌కి 275 మైళ్లు, నవంబరు మొదటి ఆదివారం లోపైతే గడియారంలో ఒక గంట పోతుంది. బెన్సన్, విల్‌కాక్స్ మధ్య టెక్సస్ కేన్యన్ దగ్గర రెస్ట్ ఏరియా ఉంది, తప్పకుండా ఆగండి. ఒకదాని మీద ఒకటి నిలబెట్టినట్టున్న గుండ్రాళ్లు. కారు దిగగానే అమ్మ "ఇదేంటి, జూబ్లీహిల్స్‌లా ఉంది" అంది. నిజమే, అదీ గ్రానైటే, ఇదీ గ్రానైటే. హైదరాబాదులో పగలగొట్టకముందు ఇలాగే ఉండేవి. న్యూమెక్సికోలో అడుగుపెట్టాక లార్డ్స్‌బర్గ్‌కి ముందు ఎండిపోయిన చెరువు నేల వస్తుంది. అక్కడ దుమ్ము హెచ్చరిక బోర్డులు చదవకుండా పోవద్దు.

బుధవారం పొద్దున వైట్ శాండ్స్, 50 మైళ్లు. తెల్లటి జిప్సం ఇసుక 275 చదరపు మైళ్లు పరుచుకుని ఉంటుంది. పిడికిట్లోకి తీసుకుంటే ముగ్గుపిండే. ఎండలో కూడా కాలదు, అందుకని మోకాళ్ల నొప్పులున్న అమ్మ కూడా చెప్పులు విడిచి దిబ్బ ఎక్కింది. పక్కనే క్షిపణి పరీక్షల స్థలం ఉండటంతో అప్పుడప్పుడు రోడ్డూ పార్కూ కొన్ని గంటలు మూసేస్తారు, బయల్దేరేముందు చూసుకోండి. ఆ పరీక్షల స్థలంలోనే, ఉత్తరపు చివర, 1945 జూలై 16న మొదటి అణుబాంబు పేల్చారు.

గురువారం ఐ-25 మీద ఉత్తరానికి. చెక్‌పోస్టు దాటాక హ్యాచ్ అనే చిన్న ఊరు. అమెరికాలో పచ్చిమిరప అంటే ఈ ఊరి పేరే చెప్తారు. పంట ఆగస్టు, సెప్టెంబరుల్లో. అక్టోబరులో ఎండుమిరప దండలు గుమ్మాలకు వేలాడుతుంటాయి. గుంటూరు ఘాటు ఆశించకండి, బజ్జీలకు మాత్రం ఆ మిరపే మిరప.

రియో రాంచోలో రెండు రాత్రులు. శుక్రవారం స్నేహితుడు ఆఫీసుకెళ్తాడు, ఇంట్లో కూర్చోకుండా టావోస్ వెళ్లిరండి. నీమ్ కరోలీ బాబా ఆశ్రమంలో హనుమంతుడి గుడి ఉంది. రానూపోనూ ఐదు గంటలు పైనే. పెద్దవాళ్లు వద్దంటే మానేయండి.

శనివారం ఫ్లాగ్‌స్టాఫ్, సుమారు 340 మైళ్లు, నేరుగా పడమటికి. ఇది పొద్దున్నే మొదలుపెట్టాల్సిన రోజు. ఆలస్యమైతే చివరి రెండు గంటలూ సూర్యుడు ఎదురుగా కూర్చుంటాడు, చీకటి పడ్డాక రోడ్డు మీదికి ఎల్క్ జింకలొస్తాయి, గుర్రమంత ఉంటాయి. దారిలో పెట్రిఫైడ్ ఫారెస్ట్ ఐ-40 పక్కనే. కోట్ల ఏళ్ల నాడు రాయిగా మారిన చెట్ల మొద్దులు. చిన్న ముక్క కూడా జేబులో వేసుకోకూడదు, చట్టం ఒప్పుకోదు.

ఆదివారం గ్రాండ్ కేన్యన్, 80 మైళ్లు. తొమ్మిదిలోపు చేరితే పార్కింగు దొరుకుతుంది. అంచు పొడుగునా రెయిలింగు ఉండదు, పిల్లల చెయ్యి వదలొద్దు. అక్టోబరు చివర రాత్రిపూట గడ్డకట్టే చలి. ఎడారి కదా అని స్వెటర్లు మానేసినవాళ్లను చాలామందిని చూశాను. 7,000 అడుగుల ఎత్తు కాబట్టి గుండె, ఊపిరితిత్తుల జబ్బులున్నవాళ్లు డాక్టరుని అడిగే రండి.

సోమవారం లాస్ వేగాస్, 250 మైళ్లు. కింగ్‌మన్ నుంచి యూఎస్-93 ఎక్కితే హూవర్ డ్యామ్ తగులుతుంది. 726 అడుగుల ఎత్తు. నాన్నగారు ఇరిగేషన్ శాఖలో పనిచేసినవారు. పై వంతెన మీద నడిచే దారిలో నిలబడి నాగార్జునసాగర్ రాతికట్టడానికీ దీని కాంక్రీటుకీ తేడా గంటసేపు చెప్పారు. మేం ఎవరం తొందరపెట్టలేదు.

ఎనిమిదో అడుగు: దుమ్ము లేస్తే

మొదటి ప్రయాణంలో టూసాన్ నుంచి వెనక్కి చాండ్లర్ వస్తున్నాం. జూలై, సాయంత్రం ఆరు. అక్క మూడోసారి ఫోన్ చేసింది, గుత్తివంకాయ చల్లారిపోతోందని. పికాచో కొండ దాటాక కుడివైపు ఆకాశం కింది నుంచి గోధుమరంగు గోడ లేచింది. పక్కకి ఆపాల్సింది. ఇంకో నలభై నిమిషాలే కదా అని పోనిచ్చాను. రెండు నిమిషాల్లో బానెట్టు చివర కనిపించలేదు. లారీ హారన్ ఎటు నుంచి వస్తోందో తెలియలేదు. కుడివైపు తెల్లగీత ఒక్కటే పట్టుకుని ముందున్న ఎగ్జిట్ దిగి, రోడ్డు వదిలి మట్టిలో ఆపాను. వెనక సీట్లో అమ్మ ఆంజనేయ దండకం చదువుతోంది. అద్దాలన్నీ మూసే ఉన్నా పళ్ల మధ్య ఇసుక కరకరలాడింది. ఇరవై నిమిషాల తర్వాత పడ్డ మొదటి చినుకులు అద్దం మీద బురదచుక్కల్లా జారాయి. చాండ్లర్ చేరేసరికి అక్క గుమ్మంలో నిలబడి ఏడుస్తోంది.

అందుకని ఇది అందరూ నేర్చుకోండి, బండి తోలనివాళ్లు కూడా. దూరంగా గోడ కనిపించగానే హైవే దిగిపోండి. దిగే వీలు లేకపోతే రోడ్డుకి కుడివైపు తారు దాటి వీలైనంత దూరంగా ఆపండి. ఆగాక అన్ని లైట్లూ ఆర్పేయండి, ఎమర్జెన్సీ బ్లింకర్లు కూడా. హ్యాండ్‌బ్రేకు వేసి, బ్రేకు మీద నుంచి కాలు తీసేయండి. ఇది మన అలవాటుకి పూర్తిగా వ్యతిరేకం, కానీ కారణముంది. దుమ్ములో దారి కనబడని వెనక బండి మన ఎర్రలైటు చూసి, అదే దారనుకుని సరిగ్గా మన మీదికే వస్తుంది. బెల్టులు పెట్టుకునే ఉండండి, కిందికి దిగొద్దు.

వాన పడితే వాగులు. పొద్దున ఎండిన ఇసుకగా ఉన్న వాగు మధ్యాహ్నానికి పారుతుంది, వాన పడేది ఎక్కడో కొండల మీద. అడుగు లోతు పారే నీరు చిన్న కారుని తేల్చేస్తుంది. దాటకండి, వెనక్కి తిప్పండి. అడ్డంగా పెట్టిన బోర్డులు దాటిపోయి ఇరుక్కుంటే ఆరిజోనాలో రక్షించిన ఖర్చు మనమే కట్టాలి.

బండి ఆగిపోతే బండి వదిలి నడవొద్దు. కారు కనిపిస్తుంది, మనిషి కనిపించడు. బానెట్టు పైకెత్తి, కారు నీడలో కూర్చుని 911కి చేయండి. ఏ మైలురాయి దాటారో చూసి చెప్పేందుకు పెద్ద పిల్లలకు మైలురాళ్లు చదివే పని ముందు నుంచే అప్పగించండి.

తొమ్మిదో అడుగు: ఇళ్లలో

పక్కబట్టలు, దుప్పట్లు మీవే పట్టుకెళ్లండి. వెళ్లేరోజు పొద్దున పరుపులు తీసి మడతపెట్టండి. ఒక పూట వంట మీరు చేయండి, ఇంటావిడ వద్దన్నా సరే. రెండు రాత్రులకు మించి ఎక్కడా ఉండొద్దు. ఇంకొక రోజు ఉండమని అడుగుతున్నప్పుడే బయల్దేరితే మళ్లీ రమ్మంటారు. పొద్దున ఏడింటికి కదలాలంటే "టిఫిన్ తినకుండా ఎలా వెళ్తారు" అన్నమాట తప్పదు. ముందు రాత్రే ఇడ్లీలు డబ్బాలో పెట్టించుకోండి. ఇంటివాళ్లకు నిద్రా దక్కుతుంది, మీకు టిఫినూ దక్కుతుంది.

పదో అడుగు: తిరుగు దారి

వేగాస్ నుంచి ఇల్లు 265 మైళ్లే, కానీ ఆదివారం మధ్యాహ్నం ఐ-15 ఎక్కితే అది తొమ్మిది గంటల ప్రయాణం కూడా కావచ్చు. అందుకే బుధవారం పెట్టుకున్నాం. బేకర్ ఊళ్లో 134 అడుగుల థర్మామీటరు ఉంది. డెత్ వ్యాలీలో 1913లో నమోదైన 134 డిగ్రీల గుర్తుగా అంత ఎత్తు కట్టారు. పిల్లలకు కాళ్లు సాగదీసుకోవడానికి మంచి చోటు.

దానికి ముందే, సరిహద్దు దాటాక కాలిఫోర్నియా వ్యవసాయ తనిఖీ కేంద్రం వస్తుంది. పండ్లు, మొక్కలు ఉన్నాయా అని అడుగుతారు. మొదటిసారి అక్క తన పెరట్లో పిలక తీసి కుండీలో నాటి ఇచ్చిన కరివేపాకు మొక్కని వారం రోజులు కాళ్ల దగ్గర పెట్టుకుని తెచ్చాం. హోటళ్లలో బాత్‌రూములోకి తీసుకెళ్లి నీళ్లు పోశాం. లాస్ వేగాస్ వచ్చేసరికి కొత్త చిగురు కూడా వేసింది. తనిఖీ దగ్గర ఉన్నాయనే చెప్పాం. ఆ అమ్మాయి చిగురు తిప్పి చూసి, మర్యాదగానే, లోపలికి రానివ్వలేమంది. నిమ్మ, నారింజ తోటల్ని చంపే తెగులును మోసే సిల్లిడ్ పురుగు కరివేపాకు మీద కూడా బతుకుతుంది, అందుకే ఈ మొక్కనీ పచ్చి ఆకునీ ఆ పురుగున్న ప్రాంతాల నుంచి కదపనివ్వరు. కాబట్టి ఎవరెంత ప్రేమగా ఇచ్చినా కరివేపాకు కుండీ పుచ్చుకోకండి. మీ ఊరి నర్సరీలో మొక్క కొనుక్కోండి. పచ్చళ్లు, పొడులు, స్వీట్లకు ఇబ్బంది లేదు.

ఇల్లు చేరగానే ముందు అన్ని ఇళ్లకూ ఫోన్ చేయండి. సందేశం చాలదు, పెద్దవాళ్లు గొంతు వింటేనే పడుకుంటారు. మర్నాడు కారు ఎయిర్ ఫిల్టరు తీసి చూడండి, ఎడారి అంతా అందులోనే ఉంటుంది. తర్వాత డిక్కీలో మిగిలిన స్టీలు డబ్బాలు ఎవరివెవరివో వేరుచేసి మూతల మీద పేర్లు రాయండి. చాండ్లర్ వైపు ఎవరు వెళ్తున్నా అక్క డబ్బా వాళ్లకివ్వాలి, ఖాళీగా ఇవ్వకూడదు. మా ఇంట్లో ప్రస్తుతం అది చెక్కలతో నిండి వంటింటి గట్టు మీద ఉంది.